మీటరు ఉన్నది వెనకవైపు

"మీ డాబా పనికిరాదండీ."

డాబా మీది మెట్లగది పైనుంచి నిచ్చెన సగం దిగి ఈ మాటన్నాడతను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి, పట్టు వదిలేద్దామా అని ఒక్క క్షణం చేతులు దురద పెట్టాయి.

"పనికిరాకపోవడమేంటి? మీరొస్తున్నారని పొద్దున్నే కడిగించాను!"

"శుభ్రంగానే ఉందండీ. ఎండే లేదు."

"ఎండ లేకపోవడమేంటి? మరి ఇదేంటి?" అంటూ తన నెత్తి మీద పడుతున్న ఎండని వేలితో చూపించింది.

అతను చేతి గడియారం చూసుకుని, పక్కింటి మూడో అంతస్తు వైపు చూసి, చాలా మర్యాదగా అన్నాడు. "ఇంకాసేపట్లో పోతుందండీ."

పోయింది. ఆమె ఇంకో నాలుగు మాటలు అనేలోపు పక్కింటి నీడ పిట్టగోడ దాటి, డాబా అంతా పరుచుకుని, చివరికి ఆమె నెత్తి మీద కూడా ఎక్కి కూర్చుంది.

ఆ వీధిలో ఆమెని అందరూ కత్తెర అంటారు. చేసే పనికి సగం, మాట్లాడే తీరుకి సగం. కింద సెలూన్, పైన ఇల్లు. ఇంట్లో అమ్మ, తాతయ్య. పొద్దున షట్టరు తీస్తే సాయంత్రం దాకా డ్రయ్యర్లు, వేణ్ణీళ్ళ గీజరు, ఏసీ ఆడుతూనే ఉండాలి. కరెంటు బిల్లు వచ్చిన రోజు అమ్మ దాన్ని చదవకుండా తిరగేసి బల్ల మీద పెట్టేది.

అలాంటి రోజుల్లోనే ఈ గుంపు పథకం సంగతి ఆమె చెవిన పడింది. ఒక్కొక్కరుగా వెళ్తే సోలార్ కంపెనీ చెప్పే ధర వేరు, వీధంతా కలిసి వెళ్తే వేరు. ముప్పై ఇళ్ళు కూడితే సామాను టోకున వస్తుంది, పనివాళ్ళు ఒకేసారి దిగుతారు, ఖర్చు బాగా తగ్గుతుంది. అప్పటినుంచి ఆమె కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఔననకుండా లేవలేదు. చెవి పక్కన కత్తెర ఆడుతుండగా కాదనే ధైర్యం ఎవరికుంటుంది? బడి హెడ్‌మిస్ట్రెస్ ఔనంది. టైలరు ఔనన్నాడు. మందుల షాపాయనైతే సగం గడ్డం గీసి వదిలేస్తానంటే ఔనన్నాడు. అలా ఇరవై తొమ్మిది ఇళ్ళు పోగయ్యాయి. ముప్పయ్యోది తనది.

తీరా చూస్తే సరిగ్గా ఆ ముప్పయ్యోది పనికిరాదంటున్నాడు, కంపెనీ పంపిన ఈ సర్వే ఇంజినీరు. నిలువెత్తు మనిషి, కళ్ళ మీద పడే జుట్టు, భుజాన అల్యూమినియం నిచ్చెన. అప్పటికప్పుడే మనసులో అతనికి నిచ్చెన అని పేరు పెట్టేసింది.

"చూడండి, రిపోర్టులో కాస్త సర్దెయ్యండి," అంది గొంతు తగ్గించి. "పొద్దున ఎండ ఉంటుంది కదా. అది రాయండి చాలు. మీ కంపెనీకీ లాభమే."

"కంపెనీకి లాభమేనండీ. మీరు మాత్రం అంత ఖర్చు పెట్టి, నెలనెలా ఇదే బిల్లు చూసుకుని నన్ను తిట్టుకుంటారు." పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "మీకు నీడ అమ్మలేనండీ నేను."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది.

"సరే. కానీ మిగతావాళ్ళు సంతకాలు పెట్టేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. ఊరందరినీ దింపి తను గట్టెక్కింది అంటారు."

"అడక్కపోతే చెప్పను. అడిగితే అబద్ధం ఆడలేను."

"మీతో చచ్చే చావొచ్చిందే!"

మర్నాడు పొద్దున బట్టలు ఆరేయడానికి పైకి వెళ్తే, అతను మళ్ళీ అదే డాబా మీద మోకాళ్ళ మీద కూర్చుని కొలుస్తున్నాడు.

"నిన్న పనికిరాదన్నారుగా?"

"అన్నానండీ. ఏ మూలైనా ఎండ నిలుస్తుందేమో అని..."

"రాత్రికి రాత్రి పక్కింటి అంతస్తు కూలిపోయిందనుకున్నారా?"

"నిన్న మీ మొహం చూశాక, ఇంకోసారి కొలుద్దామనిపించింది," అన్నాడు. అనేసి, చెవుల దాకా ఎర్రబడి, టేపు చుట్టుకోవడంలో మునిగిపోయాడు.

ఆమె తడి బట్టని దులిపింది. కాస్త గట్టిగానే దులిపింది. అతని కళ్ళజోడు నిండా తుంపరలు. ఆమె నవ్వు ఆపుకుంటూ కిందికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అతను వీధిలోనే ఉన్నాడు. ఒక డాబా దిగి ఇంకో డాబా ఎక్కుతూ, చెట్టు కొమ్మలు చూస్తూ, స్లాబు తట్టి చూస్తూ. ఓ మధ్యాహ్నం ఆమే సెలూన్ గుమ్మంలోంచి పిలిచింది.

"నిచ్చెన గారూ! లోపలికి రండి. ఆ జుట్టుతో మీరు కొలిచే కొలతల మీద నాకు నమ్మకం లేదు."

అతను వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. "చెవి జాగ్రత్తండీ."

"నిజం చెప్తే చెవి భద్రం. ఎక్కడ మీ ఇల్లు?"

"ఇల్లంటూ లేదండీ. అద్దె గదులు. చిన్నప్పటినుంచీ అంతే. మా అక్క నర్సు. ఎక్కడ ఉద్యోగం దొరికితే అక్కడ నన్ను చంకనేసుకుని వెళ్ళేది. అదే పెంచింది, అదే చదివించింది."

కత్తెర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆడింది. ఆమె ఆ రోజు అతని జుట్టుని మామూలు కంటే రెట్టింపు సేపు కత్తిరించింది. మూల కుర్చీలో కూర్చున్న అమ్మ పత్రిక తిరగేస్తూ, ఒకే పేజీని చాలాసేపు చూసింది.

అంతా బాగున్నప్పుడే బాంబు పేలింది.

మందుల షాపాయన గడ్డం కోసం వచ్చి, నురగ మొహంతో అద్దంలోంచి ఆమెని అదోలా చూశాడు. "ఏమ్మా కత్తెరా, మీ ఇంటికి వేయించుకోవట్లేదట కదా?"

ఆమె చెయ్యి గాల్లో ఆగింది.

"మమ్మల్నందరినీ తొయ్యడం, నువ్వు మాత్రం ఒడ్డున నిలబడడం. కంపెనీవాళ్ళు నీకేమైనా ముట్టజెప్తున్నారా అని టైలరు కూడా అడుగుతున్నాడు. మేమిద్దరం ఇంకా సంతకం పెట్టలేదు, పెట్టం కూడా."

బ్లేడు కింద పెట్టి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, ఆమె అలాగే బయటికి నడిచింది. ఆయన నురగతో అలాగే ఉండిపోయాడు.

అతను టైలరింటి డాబా ఎక్కబోతున్నాడు. మబ్బు కమ్మి ఉంది.

"చెప్పేశారుగా!"

"ఏమిటండీ?"

"నా డాబా సంగతి! మీకూ మా ఇంట్లోవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇప్పుడు వీధి వీధంతా వాగుతోంది. నన్ను దొంగని చేశారు. ఎండకి కొలతలున్నాయి, మరి మీ మాటకి?"

"నేను చెప్పలేదండీ."

"మరి గోడలు చెప్పాయా?"

అతను నిచ్చెన గోడకి ఆనించి, ఆమెని ఒక్కసారి చూశాడు. అందులో కోపం ఉండి ఉంటే ఆమె ఇంకో నాలుగు అనేది. నొప్పి ఉంది. వీధి చివరి వైపు నడిచి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగాడో లేదో, మబ్బు కాస్తా చిల్లుపడ్డట్టు కురిసింది.

ఆమె తడిసి ముద్దై ఇంటికొస్తే తాతయ్య వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎవరి మీదే అంత కోపం?"

చెప్పింది. వింటూ వింటూ తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. తర్వాత గ్లాసు వంక చూశాడు. తర్వాత వాన వంక చూశాడు. ఆమె వంక మాత్రం చూడలేదు.

"తాతయ్యా?"

"టీ కొట్టు దగ్గర... ఏదో మాటల్లో... ఆ లెక్కల మాస్టారు కట్టిన మూడో అంతస్తు మూలాన మా ఇంటికి సోలార్ రాకుండా పోయింది, చూశారా ఆయన చేసిన పని, అన్నాను. అంతేనే. ఆయన్ని అందామనుకున్నాను. నీకు తగులుతుందనుకోలేదు."

పక్కింటి లెక్కల మాస్టారికీ తాతయ్యకీ ఆ అంతస్తు కట్టిన నాటినుంచి మాటల్లేవు. మా ఎండ లాక్కున్నావని తాతయ్య అంటే, ఎండ మీ రిజిస్ట్రేషన్‌లో రాసి ఉందా అని మాస్టారు అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండిళ్ళ మధ్య గోడ ఇంకో రెండడుగులు లేచింది.

ఆమె తల పట్టుకుంది. అరిచింది ఎవరి మీద! గొడుగైనా తీసుకోకుండా మళ్ళీ వానలోకి పరిగెత్తింది.

మూసి ఉన్న కొట్టు ముందు, రేకు కింద నిలబడి ఉన్నాడతను. కొలతల పరికరం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. మనిషి మాత్రం నిలువునా తడిశాడు.

"తప్పు నాది," అంది రొప్పుతూ. "చెప్పింది మా తాతయ్య. మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. తిట్టండి. ఎంత తిడతారో తిట్టండి, నిలబడి వింటాను."

అతను టైలరింటి వైపు చూశాడు.

"నిచ్చెన టైలరు గోడ దగ్గరే వదిలేశానండీ. కంపెనీది. అది పోతే మా బాసు తిట్టే తిట్లలో మీకూ సగం పంచుతాను."

ఆమె నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. వాన కాబట్టి సరిపోయింది.

రేకు మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే, ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టు నిలబడ్డారు.

"ఒక దారుంది," అన్నాడతను. "మీ డాబా మీద ఎన్నిసార్లు కొలిచినా నా కళ్ళు పక్కింటి మీదకే పోయాయి. మాస్టారి డాబా మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండే. ఆయన వాడుకునేది రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ. ఆ డాబా మీద మీ వాటా సోలార్ పలకలు కూడా బిగిస్తే, అక్కడ పుట్టిన కరెంటుని మీ బిల్లులోంచి తగ్గించే పద్ధతి ఉంది. కరెంటు ఆఫీసులో కనుక్కున్నాను. గుంపులో చేరినవాళ్ళకి అనుమతిస్తారు. ఆయన ఇల్లూ చేరుతుంది, మీదీ చేరుతుంది."

"మాస్టారు! ఆయన మా ఇంటి వైపు కిటికీ కూడా తియ్యడు."

"అడగాలి కదండీ."

"మీరు అడగండి. మీ కంపెనీ తరఫున."

"నేనడిగితే వ్యాపారం. మీరడగాలి. పక్కింటివాళ్ళ సంగతులు నాకు తెలియవండీ. ఎవరితోనైనా పోట్లాడేంత కాలం మేమెక్కడా ఉండలేదు."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది.

మర్నాడే వెళ్ళింది. తలుపు తీసిన మాస్టారి తల చూడగానే, వచ్చిన పని మర్చిపోయి, "అయ్యో, ఎవరండీ ఇలా చేసింది?" అనేసింది. ఆమె సెలూనుకి రావడం పరువు తక్కువని మాస్టారు తన జుట్టు తనే కత్తిరించుకుంటాడు. ముందువైపు కూడిక, వెనకవైపు తీసివేత.

"వచ్చిన పని చెప్పు," అన్నాడాయన తల తడుముకుని.

చెప్పింది. దాచకుండా మొత్తం చెప్పింది. తన మీద పడ్డ నింద, తాతయ్య అన్న మాట, అన్నీ.

మాస్టారు తలెత్తి కప్పు వైపు చూశాడు. "ఆ అంతస్తు ట్యూషన్ పిల్లల కోసం కట్టాను. నీడ ఎటు పడుతుందో లెక్క వేసుకోలేదు. లెక్కల మాస్టార్ని!" అని గొణిగాడు. తర్వాత తలుపు వైపు చూపించాడు. "ఆలోచిస్తాను. వెళ్ళు."

ఔనూ లేదు, కాదూ లేదు. ఆదివారం బడి హాల్లో అందరూ కూడే రోజు వచ్చేదాకా అటునుంచి కబురు లేదు.

హాలు నిండింది. మందుల షాపాయన ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె లేచి నిలబడింది. సర్దిచెప్పే మాటలు నాలుగు బట్టీ పట్టి వచ్చింది గానీ, గోడకి ఆనుకుని నిలబడ్డ నిచ్చెన మనిషిని చూడగానే అవన్నీ మానేసింది.

"మా డాబాకి ఎండ రాదు," అంది. "మొదటిరోజే తెలిసింది. మీరు వెనక్కి తగ్గుతారని దాచాను. అది తప్పు. రిపోర్టు మార్చమని ఇతన్ని అడిగాను కూడా, మార్చనన్నాడు. మీ డాబాలకి మాత్రం ఎండ ఉంది. నాకు రాకపోయినా మీకు రావాలని తిరిగాను. నాకెవరూ పైసా ఇవ్వలేదు. నమ్మితే సంతకం పెట్టండి. నమ్మకపోయినా రేపు గడ్డానికి రండి, గీస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. లెక్కల మాస్టారు లేచాడు.

"ఆ నీడ నా ఇంటిది," అన్నాడు. "కాబట్టి నా ఇంటి ఎండలో కూడా ఆ పిల్లకి వాటా ఉంది. నా డాబా రాసుకోండి. నాకు కావలసింది పోను, మిగతా చోటు వాళ్ళది."

హాలంతా తాతయ్య వైపు తిరిగింది. తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీ డాబా చూడాలంటే మెట్లెక్కాలి మాస్టారూ. నా మోకాళ్ళు నాకు సాయం రావు."

"చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాలెండి," అన్నాడు మాస్టారు.

తాతయ్య కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నాడు. టైలరు మారుమాట్లాడకుండా వెళ్ళి సంతకం పెట్టాడు. అతని వెనకే మందుల షాపాయన. పెన్ను పట్టుకుని ఆయన అన్న మాట ఒక్కటే: "రేపు పొద్దున వస్తాను. ఈసారి సగంలో వదిలెయ్యకు."

తర్వాత పని చకచకా సాగింది. చట్రాలు లేచాయి, నల్లటి పలకలు పరుచుకున్నాయి, వైర్లు దిగాయి. తాతయ్య రోజూ మాస్టారి డాబా మీద గొడుగు వేసుకుని కూర్చుని, పనివాళ్ళకి అక్కర్లేని సలహాలిచ్చేవాడు. మాస్టారు వాటిని ఖండించేవాడు. ఇద్దరికీ వేరే కాలక్షేపం అవసరం లేకపోయింది.

కరెంటు మొదలయ్యాక కూడా నిచ్చెన మనిషి రోజూ సెలూన్ ముందు తేలేవాడు.

"ఇలా వచ్చారేం?"

"మీటరు చూద్దామని."

"బాగా తిరుగుతోందా?"

"బాగా తిరుగుతోందండీ."

ఆమె ఇంకేదైనా అంటాడేమో అని చూసేది. అతను ఇంకేదైనా అడుగుతుందేమో అని చూసేవాడు. ఇద్దరూ చూస్తుండగానే చివరిరోజు వచ్చేసింది. కంపెనీ అతన్ని ఊరికి ఆ చివరనున్న పేటకి పంపిస్తోంది, అక్కడ కొత్త గుంపు కట్టాలి.

"ఇంకేమైనా చెప్పాలా నాకు?" అంది గుమ్మంలో నిలబడి.

అతను సంచిలో చెయ్యి పెట్టాడు. సంచిలో చెయ్యి పెట్టాడు.

"వారంటీ కార్డు," అన్నాడు. "జాగ్రత్తగా పెట్టుకోండి."

ఆ వారమంతా సెలూనుకి వచ్చినవాళ్ళు చెవులు పట్టుకుని కూర్చున్నారు. కత్తెర అంత కోపంగా ఆడుతోంది. చివరికి అమ్మే నోరు విప్పింది.

"ఆ అబ్బాయి మళ్ళీ రాలేదేం?"

"ఎందుకొస్తాడు? మీటరు చూడ్డానికి వచ్చేవాడు. చూశాడు, అయిపోయింది."

"మన మీటరు వెనక సందులో కదే ఉంది?"

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"వెనకవైపు ఉన్న మీటరు కోసం రోజూ ముందువైపు ఎందుకు నిలబడ్డాడంటావ్?" అంది అమ్మ అమాయకంగా.

వరండాలోంచి తాతయ్య గొంతు వినిపించింది. "వాడికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పినా మీటరు దగ్గర దొరికిపోతాడు. అలాంటివాడు వెతికినా దొరకడు. నాకిష్టమే, మీ అమ్మకీ ఇష్టమే, ఇక్కడ కూర్చుని ఎవరి చెవులు కొయ్యాలని? వెళ్ళి తేల్చుకునిరా!"

ఆ పేటలో మీటింగు ఆ సాయంత్రమే. ఆమె వెళ్ళేసరికి అతను గుంపు ముందు చెమటలు కక్కుతున్నాడు.

"వానాకాలంలో కూడా ఇంతే కరెంటు వస్తుందా?" అని ఎవరో అడిగారు.

"రాదండీ. బాగా తగ్గుతుంది," అన్నాడు ఉన్నదున్నట్టు. హాలంతా గుసగుసలు. ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"కూర్చోండి," అంది ఆమె వెనకనుంచి. ఆ గొంతుకి లేచినవాళ్ళు ఎందుకో కూర్చున్నారు. "తగ్గుతుంది. కానీ ఏడాది మొత్తం మీద చూస్తే మిగులుతుంది. మా సెలూను బిల్లు సగానికి పడింది. ఇతను మొదటిసారి మా ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? మీ డాబా పనికిరాదు అన్నాడు. అమ్మడానికొచ్చి కొనొద్దన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఇతను మీ డాబా పనికొస్తుంది అంటే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు."

అతను కళ్ళు మూయడం కూడా మర్చిపోయి ఆమెనే చూస్తున్నాడు.

ముందు వరసలో ఒక పెద్దావిడ మెడ తిప్పి, కళ్ళజోడు సర్దుకుంది. "బాగా చెప్పావమ్మా. ఇంతకీ నువ్వెవరు? కంపెనీ మనిషివా?"

"కాదండీ."

"మరి ఇతని తరఫున ఇంత గట్టిగా మాట్లాడుతున్నావే?"

ఆమె ఒక్కసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గుండె డ్రయ్యరులా మోగుతోంది.

"ఇతను ఔనంటే, కాబోయే భార్యనండీ."

అందరి తలలూ ఇటునుంచి అటు తిరిగాయి. అతని చేతిలో కాగితాలు ఒక్కొక్కటీ జారి కింద పడుతున్నాయి. వాటిని ఏరుకోవాలన్న ధ్యాస లేదతనికి.

"ఔను," అన్నాడు. వెనక వరసకి వినపడలేదేమో అని ఇంకోసారి, గట్టిగా, "ఔనండీ!" అన్నాడు. "అక్కకి మీ సంగతి ఎప్పుడో చెప్పేశాను. మీకు చెప్పడమే రాలేదు."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, తీరిగ్గా మళ్ళీ పెట్టుకుంది.

"అయితే ముందు మా ఇల్లు రాసుకో నాయనా," అంది. "ఈ పిల్ల అడిగితే వెంటనే ఔనన్నావు. నీకు లెక్క తెలుసు."